సదరు పదములు తొలగించడమైనది

“తలుపు మూసెయ్యండి,” అంది ప్రూఫు మేడమ్.

బయట నిలబడ్డ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళు బావాబామ్మర్దులు. ఈ కేసు చూస్తున్న ఇన్‌స్పెక్టరు ఒకరు. రెండో ఆయన ఆ ఇన్‌స్పెక్టరు అక్కకు భర్త, ఈ తలుపుల కంపెనీలో సేఫ్టీ ఆఫీసరు.

“లేనిపోని సాహసాలెందుకు మేడమ్?” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మూడు రోజుల కిందట ఇదే గదిలో ఒకావిడ పోయింది. మీకేమన్నా అయితే నేను ఇంకో రిపోర్టు రాయాలి.”

“మొదటిది సరిగ్గా రాసుంటే రెండోదానికి ఇంత బెంగెందుకు? మూయండి.”

ఇరవై రెండేళ్ళు ఒక దినపత్రికలో ప్రూఫులు దిద్ది, తర్వాత సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషి ఆవిడ. అందుకే ఆ పేరు. ఆ మాటలో రెండర్థాలూ ఉన్నాయని ఆవిడకి తెలుసు. రెండూ ఇష్టమే.

సేఫ్టీ ఆఫీసరు తలుపు తోశాడు. రబ్బరు అంచు ఫ్రేములోకి మెత్తగా దిగింది. అంతే, బయటి ప్రపంచం నోరు నొక్కేసినట్టయింది.

టైము రెండూ పధ్నాలుగు.

ఏడడుగుల పొడవు, అయిదడుగుల వెడల్పు. కిటికీ లేదు. తలుపుకి అరచేయంత అద్దం. ఈ కంపెనీ తాళంచెవి అక్కర్లేని ఇంటి తలుపులు తయారు చేస్తుంది. అవి పొగకి తట్టుకుంటాయో లేదో ఈ గదిలో పరీక్షిస్తారు. మూల నుంచి పొగ గొట్టం పాము తలలా బయటికి చూస్తోంది. తలుపు పక్కన, లోపలి నుంచి తెరవడానికి, ఆకుపచ్చ బటన్. దాని పైన, కొన్నవాళ్ళ ఇళ్ళల్లో ఉండేలాంటిదే, ఒక చిన్న స్క్రీను: “మా తలుపు ఎలా ఉంది? రెండు మాటలు రాయండి.”

చనిపోయిన ఆవిడని కంపెనీలో అందరూ లేబులక్క అనేవారు. కొన్నవాళ్ళు రాసే ఆ రెండు మాటల్ని రోజూ ఒక ప్రోగ్రాం చదువుతుంది. ఏది పొగడ్తో, ఏది ఫిర్యాదో, ఏది వెటకారమో దానికి ముందుగా మనిషి చెప్పాలి. ఒక్కో వాక్యానికీ ఒక లేబులు పెట్టి నాలుగేళ్ళుగా అది నేర్పింది ఆవిడే. సోమవారం, స్క్రీను పరీక్షించాలని కబురొస్తే, రెండూ ఏడుకి ఈ గదిలోకి వచ్చింది. ఫోను, బ్యాగు బయట ట్రేలో పెట్టింది. అది ఇక్కడి రూలు. ఆ బ్యాగులోనే ఆవిడ ఉబ్బసం మందు ఉండిపోయింది. రెండూ యాభై ఎనిమిదికి సేఫ్టీ ఆఫీసరు తలుపు తెరిచేసరికి ప్రాణం లేదు.

“ఉబ్బసం ఎక్కువై, బటన్ దాకా చేరలేక పడిపోయింది. ప్రమాదం,” అని ఇన్‌స్పెక్టరు రిపోర్టు. ఆ మాట ఆవిడ తల్లికి మింగుడు పడలేదు. “మా పిల్ల మెట్లెక్కాలన్నా మందు చేత్తో పట్టుకునేదమ్మా,” అంటూ ప్రూఫు మేడమ్ దగ్గరికి వచ్చింది.

నాలుగో నిమిషానికి మేడమ్‌కి తన గుండె చప్పుడు వినబడటం మొదలైంది. అయిదో నిమిషానికి గది చిన్నదైనట్టు అనిపించింది. గట్టిగా అరిచింది. అద్దంలో ఇన్‌స్పెక్టరు ఆవులిస్తూ కనిపించాడు. వినబడలేదన్న మాట.

మోకాళ్ళ మీద కూర్చుని ఆకుపచ్చ బటన్‌ని చూసింది. అంచు దగ్గర ప్లాస్టిక్ చిట్లింది. ఆ పగులులో మెంతి గింజలో సగమంత ముదురెరుపు రంగు పలుకు. పిన్నీసుతో తీసి కాగితంలో చుట్టింది. పోలీసు ఫొటోలో ఆవిడ కుడి చూపుడువేలి గోరు సగానికి విరిగి ఉంది. గోళ్ళకి రంగు ముదురెరుపు.

బటన్ దాకా చేరలేకపోవడం కాదు. చేరింది. గోరు విరిగేదాకా నొక్కింది.

ఇప్పుడు మేడమ్ నొక్కింది. తలుపు ఒక్కసారికే తెరుచుకుంది. కానీ బయటికి పోకుండా స్క్రీను మీద వేలితో రాసింది: “గది ఇరుకు.” రెండు సెకన్లలో జవాబు వచ్చింది: “మీ విలువైన అభిప్రాయానికి ధన్యవాదములు.”

“ఈ రాతలు ఎక్కడికి పోతాయి?” అని అడిగింది.

సేఫ్టీ ఆఫీసరు రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. “అందరి రాతలూ పోయే చోటికే. పనికిరానివి. టెస్టు చేసేవాళ్ళు పిచ్చి రాతలు రాస్తుంటారు.”

“సోమవారం ఈ బటన్ పని చెయ్యలేదు. ఆఫీసులో కూర్చుని ఈ తలుపు బిగించే వీలుందా?”

“లేదమ్మా. ఒకప్పుడు మాస్టర్ కంట్రోల్ అని ఉండేది. జనం ఇళ్ళ తలుపులు మన చేతిలో ఉండటమేంటని ఏడాది కిందటే తీసేశాం. నా స్టేట్‌మెంటులో రాసిచ్చాను.”

“మా బావ పదిహేనేళ్ళు పోలీస్ స్టేషన్లో రైటరుగా చేసిన మనిషి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు గొంతు పెంచి. “స్టేట్‌మెంటు ఎలా రాయాలో ఆయనకి మీరు నేర్పక్కర్లేదు.”

“నేర్పను. చదువుతాను, అంతే.”

*

ప్రోగ్రాం రాసిన ఇంజనీరు రెండు రాత్రులు నిద్ర లేనివాడిలా ఉన్నాడు. పక్క కుర్చీ లేబులక్కది. దాని మీద ఆవిడ శాలువా అలాగే ఉంది. దాన్ని తియ్యడానికి అతనికి చేతులు రాలేదు.

“రోజుకి నలభై వేల రాతలు వస్తాయి మేడమ్. ‘తలుపు అదిరింది’ అని రాస్తారు. మెచ్చుకున్నట్టా, తలుపు ఊగిపోతున్నట్టా? ‘మీ తలుపుకో దండం’ అంటే భక్తా, విసుగా? ‘చంపేశారు పొండి’ అంటే సంబరమా, ఏడుపా? మెషీనుకేం తెలుస్తుంది? అక్కే నేర్పింది. అరవై వేల వాక్యాలు. ఒక్కోదాని పక్కన నాలుగు ముక్కలు రాసేది. ‘ఇది వెటకారం రా నాయనా, పొగడ్త అనుకునేవు’ అని. మెషీనుకి కాదు, నాకే చెబుతున్నట్టుండేది.”

“చదివాక ఏం చేస్తుంది?”

“మూడు కుప్పలు పోస్తుంది. పొగడ్త, ఫిర్యాదు, వదిలెయ్. వదిలెయ్ కుప్ప ఎవరూ చదవరు. టెస్టు గది రాతలు నేరుగా అందులోకే పోతాయి.”

“సోమవారం రెండూ ఏడు నుంచి రెండూ యాభై ఎనిమిది దాకా టెస్టు గదిలోంచి వచ్చినవి తీయి.”

అతని వేళ్ళు కీబోర్డు మీద ఆగిపోయాయి. ఆ కుప్పలో వెతకాలన్న ఆలోచన అతనికి ఇప్పటిదాకా రాలేదని మొహమే చెబుతోంది. మూడు వాక్యాలు తెర మీదికి వచ్చాయి.

రెండూ పధ్నాలుగు: తలుపు రావట్లేదు. బటన్ పనిచెయ్యట్లేదు.

రెండూ పంతొమ్మిది: మంటలు. మంటలు.

రెండూ ఇరవై ఏడు: మంటలు అంటుకున్నాయి. పొగ. రక్తం.

ఇంజనీరు రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ముందుకు వంగి చదివి, నిట్టూర్చాడు. “పాపం, మతి చలించింది. గదిలో మంటలేవీ? రక్తమేదీ? ఊపిరందకపోతే మనిషికి ఏవేవో కనిపిస్తాయి.”

“కాదు సార్!” ఇంజనీరు మొహం మీంచి చేతులు తీశాడు. “కొన్ని మాటలకి విడిగా ఒక జాబితా ఉంది. మంట, పొగ, రక్తం, ఇలాంటివి. అవి ఎక్కడ కనిపించినా, ఏ కుప్పలోదైనా సరే, నా బల్ల మీద గంట మోగాలి. ఆ జాబితా తయారు చేసిందే అక్క. మతి పోయి రాయలేదు సార్. నన్ను పిలిచింది.”

“మరి గంట?” అని అడిగింది మేడమ్.

“మోగలేదు. నేనిక్కడే ఉన్నాను. ఇదే కుర్చీలో. నాకు పాతికడుగుల దూరంలో ఆ గది.”

ప్రూఫు మేడమ్ అతని భుజం మీద చెయ్యి వేసి, మెల్లిగా అంది: “జాబితా చూడు బాబూ.”

చూశాడు. జాబితా ఖాళీ. సోమవారం ఒంటి గంటా నలభైకి ఎవరో మాటలన్నీ తీసేశారు. తీసినవారి పేరు దగ్గర లేబులక్క పేరే ఉంది. కారణం రాస్తే తప్ప ప్రోగ్రాం ఏ మార్పూ ఒప్పుకోదు. అక్కడ ఇలా ఉంది:

“అనవసర అలారములు  మోగుచున్నందున సదరు పదములు జాబితా నుండి  తొలగించడమైనది.”

“చూశారా?” ఇన్‌స్పెక్టరు నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. “ఆవిడే తీసేసింది. తీసేసిన సంగతి ఆవిడే మర్చిపోయింది. ఇక పదండి.”

“ఒంటిగంటా నలభైకి ఆవిడ ఎక్కడుంది?”

“నాతోనే కింద భోజనం చేస్తోంది,” అన్నాడు ఇంజనీరు. “రెండింటిదాకా లేవలేదు. కంప్యూటరు తెరిచే వదిలేసి వచ్చింది. అక్కకి అదొక్కటే చెడ్డ అలవాటు.”

“భోజనాల దగ్గర గడియారం చూసుకుంటూ కూర్చున్నావేంటయ్యా? కోర్టులో నిలబడే మాట చెప్పు,” అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ప్రూఫు మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చుంది. “సరే, నిలబడేదే చూద్దాం. ఎవరు రాశారో వాళ్ళ మాటే చెబుతుంది. బాబూ, ఆవిడ రాసిన అరవై వేల ముక్కల్లో ‘సదరు’ అనే మాట ఎన్నిసార్లు ఉందో నీ ప్రోగ్రాంని లెక్కపెట్టమను.”

“సున్నా.”

“‘డమైనది’ అని ముగిసే వాక్యాలు?”

“అవీ సున్నా.”

“నా దగ్గర ఈ కేసు రిపోర్టు కాపీ ఉంది. ఇదీ చదివించు.” సంచిలోంచి ఫోను తీసి ఇచ్చింది. ప్రోగ్రాం ఆ ఫొటోలు మింగడానికి రెండు నిమిషాలు పట్టింది.

“ఆరు పేజీల్లో ‘సదరు’ పధ్నాలుగుసార్లు,” అన్నాడు ఇంజనీరు, ఇన్‌స్పెక్టరు కళ్ళలోకి చూడకుండా. “‘డమైనది’ ఇరవై మూడుసార్లు.”

ఇన్‌స్పెక్టరు మొహం కందగడ్డలా అయింది. “అంటే నేను చంపాననా మీ ఉద్దేశం? ఆ రోజు నేను ఈ బిల్డింగులోనే లేను! మూడున్నరకి ఫోనొస్తే వచ్చాను!”

“మీరని నేననలేదు.”

“మరింకేమిటి? పోలీసు భాష రాసేవాళ్ళందరూ ఇలాగే రాస్తారు!”

“అందరూ రాస్తారు. కానీ ‘నుండి’, ‘తొలగించడమైనది’ మధ్య ఎవరైనా ఒక ఖాళీ వదులుతారు. ఇక్కడ రెండున్నాయి. ప్రతి క్రియకి ముందూ రెండు. మీ రిపోర్టులో కూడా అన్నిచోట్లా రెండే. ఇరవై రెండేళ్ళు ఇలాంటి ఖాళీలు మూస్తూ బతికాను నేను, నా కళ్ళు దాటి పోవు. ఇలా రాయడం మీకు ఎవరు నేర్పారు సార్?”

ఇన్‌స్పెక్టరు తెర మీది వాక్యం దగ్గరికి వంగి చూశాడు.

వేరే ఎవరికో చెబుతున్నట్టు అన్నాడు: “ఉద్యోగంలో చేరిన కొత్తలో నా రిపోర్టులు వెనక్కొచ్చేవి. మా అక్కయ్య వాళ్ళింట్లో బావే కూర్చోబెట్టి టైపు కొట్టడం నేర్పాడు. క్రియ ముందు కాస్త జాగా వదలరా, పై ఆఫీసరు కన్ను అక్కడ ఆగాలి, అనేవాడు.”

గదికి తలుపు బార్లా తెరిచే ఉంది. అయినా అతను ఏ మూలకీ పోలేని మనిషిలా గోడకి చేరబడ్డాడు.

“ఎందుకు చేస్తాడు? ఆవిడతో ఆయనకేం పగ?”

“అది నేను చెప్పగలను,” అన్నాడు ఇంజనీరు. “మూడు నెలల కిందట సేఫ్టీ ఆఫీసరు గారు ఒక మార్పు చెయ్యమన్నారు. ‘తలుపు బిగుసుకుంది’ అని ఎవరు రాసినా అది ఫిర్యాదు కాదు, చెమ్మకి రబ్బరు ఉబ్బుతుందంతే, వదిలెయ్‌లో వెయ్యండి అని. ఈ తలుపులు పొగలో కూడా తెరుచుకుంటాయని సర్టిఫికెట్ మీద సంతకం ఆయనదే. అక్క ఒప్పుకోలేదు. వదిలెయ్ కుప్పలోంచి అలాంటివి ఏరి ప్రింటు తీసి పెట్టుకుంది. సోమవారం ఆయనకి చూపిస్తానంది.”

“ఆ కాగితాలేవి?”

ఇంజనీరు ఆవిడ సొరుగు లాగాడు. ఖాళీ.

“ముందు ఆ జాబితా మళ్ళీ నింపు,” అంది మేడమ్. “మూడు రోజుల నుంచి ఎన్ని ఇళ్ళ గంటలు మూగబోయాయో.”

అతను నింపాడు. ప్రోగ్రాం గత గంట రాతల్ని మళ్ళీ చదవడం మొదలుపెట్టింది. పట్టుమని పది సెకన్లు కాలేదు.

గంట మోగింది.

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. టైము మూడూ ఇరవై ఆరు. తెర మీద ఎర్రగీత కింద, అయిదు నిమిషాల కిందట వచ్చిన రాత:

“వంటింట్లోంచి పొగ వస్తోంది. వీధి తలుపు బిగుసుకుంది. ఫోను అక్కడే ఉండిపోయింది. పిల్లలిద్దరూ నా దగ్గరున్నారు. ఎవరైనా చదువుతున్నారా?”

ఇన్‌స్పెక్టరు అప్పటికే ఫైరింజన్‌కి ఫోను చేస్తున్నాడు. అడ్రసు ఇంజనీరు అరిచి చెప్పాడు. అవతలి మాట విని ఇన్‌స్పెక్టరు మొహం పాలిపోయింది. “పన్నెండు నిమిషాలట.”

“అది ఉక్కు తలుపు సార్. పక్కింటివాళ్ళు విరగ్గొట్టలేరు,” అన్నాడు ఇంజనీరు. “మాస్టర్ కంట్రోల్ ఉంటే ఇక్కడి నుంచే తెరవొచ్చు.”

ప్రూఫు మేడమ్ లేచింది. “ఉంది. సోమవారం ఆ బటన్‌ని చంపింది అదే. పదండి.”

*

నడవ చివర గది. సేఫ్టీ ఆఫీసరు బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. గంట మోత అక్కడిదాకా వినబడుతోంది.

“బావా,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, రొప్పుతూ. “ఒక ఇంట్లో మంటలు. తల్లీ, ఇద్దరు పిల్లలు. తలుపు బిగుసుకుంది. తెరవండి.”

“నేనెలా తెరుస్తానురా? కంట్రోల్ తీసేశామని...”

“బావా!”

“తీసేశాం. రాసిచ్చాను.”

ఇన్‌స్పెక్టరు బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆయన ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. “తెరిస్తే ఏమవుతుందో మీకు తెలుసు. నాకూ తెలుసు. అక్కయ్యకి మొహం ఎలా చూపించాలో ఇద్దరికీ తెలీదు. అయినా తెరవండి. పిల్లలు బావా.”

ప్రూఫు మేడమ్ గోడ గడియారం వైపు చూస్తూ నిలబడింది. మూడూ ఇరవై ఎనిమిది. సెకన్ల ముల్లు ఒక చుట్టు తిరిగింది. ఇంకో సగం తిరిగింది.

సేఫ్టీ ఆఫీసరు సొరుగు లాగి, పలకంత పరికరం ఒకటి బల్ల మీద పెట్టాడు. బొటనవేలు దాని మీద ఆన్చాడు. ఇంటి నంబరు కొట్టాడు. ‘తెరువు’ నొక్కాడు.

నడవ అవతలి నుంచి ఇంజనీరు కేక వినిపించింది. “తెరుచుకుంది! తెరుచుకుందని చూపిస్తోంది!” ఇంకో రెండు నిమిషాలకి ఇన్‌స్పెక్టరు ఫోను మోగింది. ఆ వీధిలో తిరిగే కానిస్టేబులు. తల్లీ పిల్లలూ ముగ్గురూ మెట్ల మీదున్నారు. దగ్గుతున్నారు, అంతే.

ఇన్‌స్పెక్టరు నేల మీదే కూలబడి చేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. సేఫ్టీ ఆఫీసరు పరికరాన్ని మళ్ళీ సొరుగులో పెట్టబోయాడు. ప్రూఫు మేడమ్ మధ్యలోనే అందుకుంది.

ఎప్పుడు ఏ తలుపు బిగించిందీ, తెరిచిందీ దాంట్లో వరసగా ఉంది. సోమవారం దగ్గరికి వెళ్ళి చదివింది.

“టెస్టు గది. రెండూ పన్నెండుకి బిగింపు. రెండూ ముప్ఫై ఒకటికి తెరువు. అదే నిమిషంలో రద్దు. రెండూ యాభై ఎనిమిదికి తెరువు.” తలెత్తింది. “ముప్ఫై ఒకటికి తెరవబోయి, మీరే ఆపేశారు. ఎందుకు?”

ఆయన బల్ల అంచు పట్టుకున్నాడు. “భోజనాలప్పుడు ఆవిడ సొరుగులోంచి తెచ్చిన కట్టల్లో ఆ కాగితాలు వెతికేదాకా, స్క్రీను పేరు చెప్పి ఆవిణ్ణి అక్కడ కూర్చోబెడదామనుకున్నాను. పది నిమిషాలు. అంతే. దొరకలేదు, తెరిచేద్దామనుకున్నా. అప్పుడే దొరికాయి. ముప్ఫై ఒక్క ఇళ్ళు. చదువుతూ కూర్చున్నాను. నాకు ఒళ్ళు తెలీలేదు. లోపల ఆవిడకి అలా ఉందని నాకు తెలీదురా. నీ మీదొట్టు, తెలీదు.”

ఇన్‌స్పెక్టరు తలెత్తి ఆయన్నే చూస్తున్నాడు. ఆ మాటని నమ్మాలని ఎంత ఆశపడుతున్నాడో అతని మొహంలో కనిపించింది.

ప్రూఫు మేడమ్ తెర మీద వేలు ఇంకాస్త కిందికి జరిపింది. అక్కడ ఆగింది. తర్వాత పరికరాన్ని ఇన్‌స్పెక్టరు చేతికి ఇచ్చింది. బిగించిన తలుపు దగ్గర ఏం రాసినా అది ఈ తెర మీదికి కూడా వస్తుంది. లేబులక్కకి ఆ సంగతి తెలుసు. వదిలెయ్ కుప్పలోంచి ఎవరో చెరిపేసిన నాలుగో రాత ఇక్కడ చెరగకుండా ఉండిపోయింది. పక్కనే ‘చదివారు’ అని గుర్తు, చదివిన టైము: రెండూ నలభై అయిదు.

ఇన్‌స్పెక్టరు దాన్ని పైకి చదివాడు. చదువుతుంటే గొంతు ఒక్కో మాటకీ తగ్గుతూ వచ్చింది.

“రెండూ నలభై నాలుగు. సార్, మీరు చూస్తున్నారని తెలుసు. కాగితాలు మీరే ఉంచుకోండి. ఎవరికీ చెప్పను. తలుపు తియ్యండి.”